కోళ్ళ తెగుళ్ళపై కంటికి కానరాని కావలి: బాక్టీరియోఫేజ్

(మేడ్చల్ ప్రాంతపు ఒక వ్యవసాయాధికారి, బి.ఎస్సి. వ్యవసాయము)

నాగారము సమీపమున జరిగిన ఒక రైతు గోష్ఠిలో వరి విత్తన శుద్ధిని గూర్చి మాట్లాడి ముగించుచుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక రైతు లేచి, "సారూ, వరి సంగతి సరే గాని, కోళ్ళ సంగతి ఒకటి అడుగుత. ఫేజు మందని ఒకాయన సీసాలు తెచ్చి చూపిస్తుండు. రోగం పుట్టించే పురుగును తినే పురుగట. కొనాల్నా, వద్దా?" అని అడిగెను. సభలో కొందరు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ప్రశ్న వెనుక ఎంత నష్టమున్నదో నాకు తెలియును. ఆ నష్టములో నా పాలు కూడ కొంత కలదు.

మూడేండ్ల క్రిందట ఆ రైతు అప్పు తెచ్చి రెండు వేల మాంసపు కోడిపిల్లలను వేసెను. మూడవ వారములో పిల్లలు ముడుచుకొని కూర్చుండుట, నోరు తెరచి ఊపిరి తీయుట, రోజుకు పది, పదిహేను చొప్పున చచ్చుట మొదలయ్యెను. అతడు అంగడివాడిచ్చిన ఒక మందును మూడు రోజులు, మరియొక మందును రెండు రోజులు నీటిలో కలిపి పోసెను. నేను పైరు చూచుటకు పోయినపుడు షెడ్డు చూపి సలహా అడిగెను. నేను పశువైద్యుడను కాను. ఆ మాట చెప్పి ఊరకొనవలసినది. అట్లు చేయక, "మొదలు పెట్టిన మందును సగములో ఆపవద్దు, అయిదు రోజులు పూర్తిగా పోయుడు" అంటిని. అయిదు రోజులు గడచుసరికి మూడవ వంతు పిల్లలు పోయెను. అప్పుడు పశువైద్యుని పిలిపించి చచ్చిన కోళ్ళను పరీక్షకు పంపగా తేలినదేమనగా, అది కోలీ సూక్ష్మజీవి వలన కలిగిన వ్యాధి. అతడు వాడిన రెండు మందులకును ఆ క్రిమి లొంగునది కాదు. అనగా అయిదు రోజులు మేము పోసినది ధనమే గాని మందు కాదు.

అందుచేత ఈ ఫేజు మందును గూర్చి గ్రంథములు చదివి, తెలిసిన పశువైద్యులను అడిగి, తెలుసుకొనిన విషయములను రైతు సోదరులకును, గ్రామాధికారులకును తెలియజేయుట నా విధిగా భావించుచున్నాను.

మందులు ఎందుకు లొంగదీయలేకున్నవి?

నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట, కీసర ప్రాంతములు ఒకనాడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు పేరు పొందినవి. తరువాత కోళ్ళ షెడ్లు వెలసినవి. ఇప్పుడు ఇళ్ళ స్థలములు పెరుగుచున్న కొలది, మిగిలిన షెడ్లు ఒకదానికొకటి దగ్గరగా, ఊళ్ళకు ఆనుకొని ఉన్నవి. ఒక షెడ్డులో పుట్టిన రోగము పక్క షెడ్డునకు చేరుటకు ఎంతో కాలము పట్టదు.

రోగము రాకముందే ముందుజాగ్రత్త యని, బరువు పెరుగునని, దాణాలోను నీటిలోను యాంటీబయోటిక్ మందులు కలుపు అలవాటు చాలా చోట్ల పాతుకొనినది. చాలీచాలని మోతాదు వలన బలహీనమైన క్రిములు చచ్చి, మొండివి మిగులును. మిగిలినవే పిల్లలు పెట్టును. కొన్ని క్రిములు ఈ మొండి గుణమును ప్రక్క జాతి క్రిములకు కూడ అందించును. మనుష్యులు ప్రాణాపాయ స్థితిలో ఉన్నపుడు డాక్టర్లు చివరి ఆయుధముగా వాడు కొలిస్టిన్ మందును సైతము లెక్కచేయని గుణము క్రిమి నుండి క్రిమికి ప్రాకుచున్నదని 2015లో చైనా దేశములో కనుగొనిరి. ఆహారమునకై పెంచు జీవములకు కొలిస్టిన్ వాడుటను భారత ప్రభుత్వము 2019 జూలైలో నిషేధించెను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను 2025లో నిషేధించెను.

ఇది కోళ్ళ రైతుకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. షెడ్డులోని ఎరువు కూరగాయల మళ్ళకు పోవును. రెట్టతో పాటు మొండి క్రిములును పోవును. వ్యవసాయశాఖ వాడనైన నేను కోళ్ళ రోగమును గూర్చి వ్రాయుటకు ఇదియు ఒక కారణము.

ఫేజ్ అననేమి?

బాక్టీరియా అనబడు సూక్ష్మజీవులను మాత్రమే పట్టి చంపు వైరస్‌లకు బాక్టీరియోఫేజ్ అని పేరు. వాడుకలో ఫేజ్ అందురు. పెద్ద జాతి ఫేజ్‌లను సైతము ఒక మిల్లీమీటరు పొడవున వరుసగా పేర్చినచో సుమారు ఐదు వేలు పట్టును. చెరువు నీటిలో, మురుగు కాలువలో, పెంటకుప్పలో, కోడి ప్రేగులలో, ఎక్కడ బాక్టీరియా ఉన్నదో అక్కడెల్ల ఇవి స్వభావసిద్ధముగా ఉన్నవి. మన శరీరములోను ఉన్నవి. ఇవి కోడి కణములను గాని, మనిషి కణములను గాని పట్టవు.

తాళమునకు తగిన చెవి యున్నట్లు, ఒక్కొక్క ఫేజ్‌కు తగిన బాక్టీరియా ఉండును. ఫేజ్ ఆ బాక్టీరియా పై పొరకు అంటుకొని, తన బీజద్రవ్యమును దాని లోపలికి ఎక్కించును. అది మొదలు ఆ బాక్టీరియా తన పని మాని ఫేజ్‌లను తయారు చేయు కార్ఖానాగా మారును. అనువైన వేడిలో అరగంటకే దాని పొట్ట పగిలి, నూరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, కొత్త ఫేజ్‌లు బయటపడి తక్కిన బాక్టీరియాపై పడును. మందు మోతాదు శరీరములో గంట గంటకు తరుగును. ఫేజ్ మాత్రము శత్రువు ఉన్నంత వరకు పెరుగును. శత్రువు తగ్గగానే తానును తగ్గిపోవును. దీని విశేషమంతయు ఇందులోనే ఉన్నది.

కోళ్ళతోనే మొదలైన చరిత్ర

ఈ విద్య కొత్తది కాదు. ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు గంగా, యమునా జలములలో కలరా క్రిమిని చంపు గుణము కలదని 1896లో ప్రకటించెను. ఆ గుణమునకు ఫేజ్‌లు కారణమై యుండవచ్చునని తరువాతి వారు భావించిరి. 1915లో ఇంగ్లండులో ట్వార్ట్, 1917లో పారిస్‌లో డెరెల్ అనువారు ఎవరికి వారుగా దీనిని గుర్తించిరి. బాక్టీరియోఫేజ్ అను పేరు పెట్టినది డెరెల్.

1919లో ఫ్రాన్సు పల్లెలలో కోళ్ళ టైఫాయిడ్ వ్యాపించి కోళ్ళు చచ్చుచుండగా, డెరెల్ ఆ గ్రామములకు పోయి, రోగమును తట్టుకొని కోలుకొనిన కోళ్ళ రెట్టలో ఫేజ్‌లు ఉండుట గమనించెను. వాటిని పెంచి రోగము సోకిన మందలకు ఇచ్చి మేలు పొందెను. మనుష్యులకు ఈ చికిత్స చేసినది ఆ తరువాతనే. 1927లో ఆయన మన దేశమునకు వచ్చి కలరాపై ప్రయోగములు చేసెను. జార్జియా దేశపు త్బిలీసీ నగరములో ఎలియావా 1923లో నెలకొల్పిన పరిశోధనాలయము నేటికిని ఈ పని చేయుచున్నది.

అయితే అన్ని చోట్ల విజయము కలుగలేదు. కోడిపిల్లల తెల్ల పారుడు వ్యాధిపై అమెరికాలో ఫేజ్‌ను ప్రయోగించి చూడగా ఆశించిన ఫలితము రాలేదని 1926లో ప్రకటింపబడినది. ఆనాడు ఏ ఫేజ్ ఏ క్రిమికి తగునో పరీక్షించు సాధనములు చాలవు. 1940 తరువాత పెన్సిలిన్ మొదలగు మందులు చౌకగా లభింపగా చాల దేశములలో ఫేజ్ మూలబడినది. ఆ మందులకు క్రిములు మొండికెత్తిన నేడు శాస్త్రజ్ఞులు మరల దీనివైపు చూచుచున్నారు.

ప్రయోగములు ఏమి చెప్పుచున్నవి?

అమెరికా వ్యవసాయ శాఖ వారు ఆర్కన్సా రాష్ట్రములోని ఫేయెట్‌విల్‌లో 2002 నుండి వరుసగా మాంసపు కోళ్ళ కోలీ వ్యాధిపై ప్రయోగములు చేసిరి. ఫేజ్‌ను తుంపరగా పట్టించినపుడును, కండకు సూదిగా వేసినపుడును మరణములు తగ్గినవి. త్రాగు నీటిలో కలిపి ఇచ్చినపుడు రక్షణ కలుగలేదు. కారణము స్పష్టమే. ఈ రోగము గాలి సంచులలోను రక్తములోను ఉన్నది. నీటిలో త్రాగిన ఫేజ్ అక్కడికి తగినంత చేరదు. 2004లో వారే ఫేజ్‌ను, యాంటీబయోటిక్‌ను పోల్చి చూచిరి. ఆ ప్రయోగములో ఫేజ్ ఒక్కటే ఇచ్చినదానికన్న మందు ఒక్కటే ఇచ్చినది మేలుగా పనిచేసినది. రెండును కలిపి ఇచ్చినది అన్నిటికన్న మేలు. కనుక ఫేజ్ వచ్చినది, మందులతో ఇక పని లేదను ప్రచారము సరికాదు.

ప్రేగులలోని క్రిముల సంగతి వేరు. ఇంగ్లండులో 2007లో ప్రకటించిన ప్రయోగములో, కోడి కడుపులోని పులుపునకు ఫేజ్ చావకుండ పులుపు విరుచు పదార్థముతో కలిపి ఇవ్వగా, ఒక్క రోజులో ప్రేగులోని ఒక జాతి సాల్మొనెల్లా క్రిములు పదివేల వంతునకు పైగా తగ్గినవి. కాని ఫేజ్‌కు లొంగని క్రిములు కొన్ని మిగిలి తలయెత్తుట కూడ వారు చూచిరి. 2010లో అమెరికాలో, ప్రేగు కుళ్ళు రోగమును కలిగించు క్లాస్ట్రిడియం క్రిమిపై కొన్ని ఫేజ్‌ల మిశ్రమమును దాణాలోను నీటిలోను ఇవ్వగా మరణములు బాగుగా తగ్గినవి.

మన దేశములో 2006 ప్రాంతమున మంగళూరు మత్స్య కళాశాల శాస్త్రజ్ఞులు రొయ్య పిల్లల హేచరీలలో విబ్రియో క్రిమిపై ఫేజ్‌లను ప్రయోగించి మంచి ఫలితములు పొందిరి. టమాట, మిరపలలో బాక్టీరియా ఆకుమచ్చ తెగులుపై చల్లు ఫేజ్ మందు అమెరికాలో 2005లో అనుమతి పొందినది. కోసిన మాంసముపై క్రిములను తగ్గించుటకు చల్లు ఫేజ్ మిశ్రమమునకు ఆ దేశమే 2006లో అనుమతించినది.

ఫేజ్ చేయలేని పనులు

ఈ క్రింది సంగతులను రైతులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను.

1. కొక్కెర తెగులు వైరస్ వలన వచ్చును. దానిపై ఫేజ్ పనిచేయదు. దానికి టీకాయే శరణ్యము. రక్త పారుడు కాక్సీడియా వలన, ఊపిరితిత్తుల బూజు శిలీంధ్రము వలన వచ్చును. వీటికిని ఫేజ్‌తో సంబంధము లేదు.

2. కోలీ క్రిమికి తయారైన ఫేజ్ సాల్మొనెల్లాను పట్టదు. ఒక్క కోలీలోనే అనేక రకములు గలవు. నాగారము షెడ్డులోని కోలీని పట్టు ఫేజ్ శామీర్‌పేట షెడ్డులోని కోలీని పట్టకపోవచ్చును. అందుచేతనే కొన్ని ఫేజ్‌లను కలిపి మిశ్రమముగా తయారు చేయుదురు. అన్ని రోగములకు ఒకటే సీసా అని ఎవరైన చెప్పినచో, ఆ మాటయే ఆ సీసాను కొనరాదనుటకు సాక్ష్యము.

3. ఫేజ్‌లలో రెండు తెగలు గలవు. ఒక తెగ క్రిమిని వెంటనే చంపును. రెండవ తెగ క్రిమి లోపల దాగి కాలము గడపును. ఒక్కొక్కప్పుడు విష గుణమును ఒక క్రిమి నుండి మరియొకదానికి మోయును. చికిత్సకు మొదటి తెగయే పనికివచ్చును. ఇది పరిశోధనాలయములో తేల్చవలసిన పని. మురుగు నీటిని వడగట్టి కోళ్ళకు పోసినచో ఫేజ్‌తో పాటు సకల రోగములును పోసినట్లగును. ఇట్టి సాహసము ఎన్నడును చేయరాదు.

4. ఫేజ్ ఎండకు, అధిక వేడికి, బ్లీచింగు పొడికి చచ్చును.

రోగమును గుర్తించుట ఎట్లు?

ఏ మందు వాడవలెనన్నను మొదట రోగమేదో తెలియవలెను. బాక్టీరియా వలన కలుగు ముఖ్య రోగముల గుర్తులు ఇవి.

తెల్ల పారుడు: మొదటి రెండు మూడు వారముల పిల్లలకు వచ్చును. తెల్లని రెట్ట వెనుక భాగమున అంటుకొని గట్టిపడును. తల్లికోడి నుండి గ్రుడ్డు ద్వారా పిల్లకు వచ్చును.

కోళ్ళ టైఫాయిడ్: ఎదిగిన కోళ్ళకు ఎక్కువ. జుట్టు పాలిపోవును, ఆకుపచ్చ, పసుపు కలిసిన పారుడు, కోసి చూచిన కాలేయము ఉబ్బి కంచు రంగులో ఉండును.

కోలీ వ్యాధి: మొదటి వారములో బొడ్డు చీము పట్టి దుర్వాసన కొట్టును. ఎదుగు పిల్లలలో గురక, ఆయాసము. కోసి చూచినచో గుండెపైన, కాలేయముపైన తెల్లని పొర కప్పియుండును.

ఈ గుర్తులు అనుమానమునకు మాత్రమే చాలును, నిర్ణయమునకు చాలవు. అప్పుడే చచ్చిన రెండు మూడు కోళ్ళను, జబ్బుతో నున్న ఒకటి రెండు కోళ్ళను, ఇంకను ఏ మందును పోయకముందే, పశువైద్యుని చీటీతో పరీక్షాలయమునకు పంపవలెను. చచ్చిన వానిని పాలిథీన్ సంచిలో మూటగట్టి మంచు గడ్డల నడుమ పెట్టి పంపవలెను. క్రిమిని పెంచి, ఏ మందునకు లొంగునో చూచుటకు రెండు మూడు రోజులు పట్టును. అంతవరకు ఏమి చేయవలెనో పశువైద్యుడు చెప్పును. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయము, అచ్చటనే యున్న కేంద్ర కోళ్ళ పరిశోధనా సంస్థ మన ప్రాంతమునకు దూరము కావు.

ఫేజ్ మందు వాడవలసి వచ్చినచో

పశువైద్యుడు సలహా ఇచ్చినపుడు మాత్రమే వాడవలెను. సీసాపై ఏ క్రిమికి ఉద్దేశింపబడినదో, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ ఉన్నవో లేవో చూడవలెను. అవి లేని సీసాను ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు. మీ షెడ్డులో దొరకిన క్రిమిపై ఆ ఫేజ్ పనిచేయునో లేదో పరీక్షించి చెప్పుడని అడుగుటకు మీకు హక్కు కలదు.

నిలువ యుంచుట, నీటిలో ఇచ్చుట కొక్కెర తెగులు లాసోటా టీకా వలెనే యని తలంచుడు. ఎండ తగులనీయక, చీటీపై వ్రాసినట్లు చల్లగా ఉంచవలెను. నీటిలో ఇవ్వవలసినదైన, బ్లీచింగు కలపని శుభ్రమైన నీటిని వాడవలెను. వాడుటకు ముందు త్రాగు తొట్లను క్రిమిసంహారక మందు వాసన లేకుండ కడుగవలెను. కోళ్ళకు కొంతసేపు నీరు ఆపి, దాహము గొన్న పిమ్మట కొద్ది నీటిలో కలిపి వెంటనే త్రాగించవలెను. ఎన్ని పిల్లలు చచ్చినవి, ఏ రోజు ఏమి ఇచ్చితిమి అను లెక్క పుస్తకములో వ్రాయవలెను. లెక్క లేనిదే ఫలితము తెలియదు.

యాంటీబయోటిక్ వాడినచో అమ్మకమునకు గడువు పాటించవలెను. వేరు గడువు నిర్ణయింపబడని మందులకు, గ్రుడ్లకు కనీసము 7 రోజులు, మాంసమునకు కనీసము 28 రోజులు ఆగవలెనని 2012 నాటి ప్రభుత్వ నిబంధన చెప్పుచున్నది.

ఫేజ్‌కన్న ముందు చీపురు

కోలీ క్రిమి ఆరోగ్యముగల కోడి ప్రేగులోను ఉండును. ఊక తడిసి, ఘాటు వాయువు లేచి, ఊపిరి గొట్టము పొర చెడినపుడు అది లోపల చొరబడును. దారి తెరచియుంచి దొంగను తరుముట వలన లాభము లేదు. మూడేండ్ల క్రిందట ఆ రైతు షెడ్డులో చలికి భయపడి నాలుగు వైపుల పరదాలు దించియుండిరి. లోపల అడుగు పెట్టగానే నా కండ్లు మండినవి. అయినను నేను సీసా వంకనే చూచితిని గాని పరదా వంక చూడలేదు. అది నా రెండవ తప్పు.

కావున ఈ క్రింది పనులు నిత్యము చేయవలెను.

షెడ్డులో పిల్ల ఎత్తునకు వంగి కూర్చుండుడు. కండ్లు మండినచో గాలి చాలలేదని అర్థము.

ఊకను గుప్పిట పట్టి పిండుడు. ముద్ద కట్టినచో తడి ఎక్కువ. ధూళిగా రాలినచో మరీ పొడి. పిడికిలి విప్పగానే మెల్లగా విడిపోవలెను. తడిసిన ఊకను వెంటనే తీసివేయుడు.

మొదటి వారము బ్రూడరు వేడిమి 95 డిగ్రీల ఫారెన్‌హీటు ఉండవలెను. వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించుడు. పిల్లలు గుంపుగా మూగినచో చలి, దూరముగా పోయినచో వేడి అని తెలియవలెను.

ఫేజ్ గాని టీకా గాని ఇవ్వని రోజులలో త్రాగు నీటిని బ్లీచింగు పొడితో శుద్ధి చేయుడు.

గ్రుడ్లు పొదిగించు తల్లికోళ్ళకు రక్త పరీక్ష చేయించుడు. తెల్లని పలకపై ఒక బొట్టు రక్తము, ఒక బొట్టు రంగు యాంటిజెన్ కలిపిన రెండు నిమిషములలో పలుకులు కట్టినచో ఆ కోడి రోగమును మోయుచున్నదని అనుమానము. అట్టి దానిని మందలో ఉంచరాదు.

చచ్చిన కోళ్ళను పొలము గట్టున పారవేయక, గోతిలో సున్నము చల్లి పూడ్చుడు. ఒక మంద అమ్ముడుపోయిన తరువాత షెడ్డు కడిగి, ఆరబెట్టి, కొంతకాలము ఖాళీగా ఉంచి మరల పిల్లలను వేయుడు. ఎరువును కుప్పగా పోసి మాగనిచ్చిన పిమ్మటనే పొలమునకు తోలుడు.

గ్రామాధికారులు చచ్చిన కోళ్ళను చెరువు గట్టున, కాలువలలో పారవేయకుండ చూచినచో ఊరికంతటికి మేలు చేసినవారగుదురు.

రైతు ప్రశ్నకు జవాబు

ఆ నాడు సభలో ఆ రైతుతో నేనన్న మాట ఇది: "పెద్దాయనా, ఫేజు అబద్ధము కాదు. నూరేండ్లకు పైబడిన నిజమైన విద్య. కాని ఆయన తెచ్చిన సీసాలో నిజముగా ఫేజు ఉన్నదో లేదో, ఉన్నది మీ కోళ్ళ క్రిమిని పట్టునో లేదో, చూచి చెప్పగలవాడను నేను కాను, మీరును కారు. సీసా కొనకముందు కోడిని పరీక్షకు పంపుడు."

రైతు కొంతసేపు ఊరకుండి, "పోయినసారి గిదే మాట చెప్పి ఉంటే నా పిల్లలు బతుకుతుండె గద సారూ" అనెను. దానికి నా వద్ద జవాబు లేదు. అవునని తల ఊపితిని.

మరునాడు అతడు ఒక అట్టపెట్టెలో మంచు గడ్డల నడుమ రెండు కోళ్ళను పెట్టుకొని బస్సు ఎక్కెను. పశువైద్యుని చీటీ అతని చొక్కా జేబులో ఉండెను. షెడ్డు పరదాలు ఆ ఉదయమే పైకి కట్టియుండుట దారిలో పోవుచు నేను చూచితిని.